శీనయ్య వంతు తాడు

నిన్న పొద్దున రొయ్యల చెరువు దగ్గర స్టార్టరు డబ్బా తెరవగానే మాడిన తీగ వాసన గుప్పుమంది. మెయిను దించి కాసేపు గట్టు మీదే కూర్చున్నాను. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు పెంచలమ్మగారు గుర్తుకొస్తారు. మైపాడుకు దక్షిణాన ఆమెకు రెండు చెరువులుండేవి. భర్త పోయాక వాటిని ఆమే చూసుకునేవారు. చదువు ముగించి నేను ఆమె దగ్గరే సూపర్‌వైజరుగా చేరాను.

రొయ్యలు పట్టుబడికొచ్చే రోజుల్లో దొంగలు విసురువలలతో దిగేవారు. చుట్టుపక్కలవాళ్లు గట్టు చుట్టూ బోడి తీగ లాగి, చీకటి పడగానే కరెంటు వదిలేవారు. మనమూ అలాగే చేద్దామని అడిగితే పెంచలమ్మగారు ఒప్పుకోలేదు. రొయ్యలు మళ్లీ పెరుగుతాయి, పోయిన మనిషి వస్తాడా అన్నారు. నేను సరేనని తలూపి, ఆమె ఊళ్లో లేని రోజు చూసి తీగ చుట్టించాను. తెల్లవారకముందే కరెంటు తీసేద్దామనుకుని, నిద్రపోయాను.

తెల్లవారుజామున పక్కనున్న జాలర్ల పాలెం నుంచి చేపల వేటకు పోతున్న శీనయ్య అడ్డదారిన మా గట్టెక్కి, కాలు జారి తీగ పట్టుకున్నాడు. అతని కేకకే నాకు మెలకువ వచ్చింది. పరుగెత్తి మెయిను దించాను. ప్రాణం దక్కింది. కుడి అరచెయ్యి కాలిపోయింది.

పెంచలమ్మగారు ఆస్పత్రికి వచ్చేసరికి నేనో కథ సిద్ధం చేసుకున్నాను. అతను రొయ్యల దొంగతనానికే వచ్చాడని చెబితే పాలెంవాళ్లు నోరెత్తరని ఆమెతో అన్నాను. ఆమె నావైపు తిరిగి అన్నారు.

“చెయ్యి కాల్చినావు. పేరు కూడా కాలుస్తావా అబ్బయా?”

పోలీసులకు నాచేత ఉన్నదున్నట్టు చెప్పించారు. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పాలేనికి నడిచారు. వలలు ఆరేసిన చోట పెద్దలు కూర్చుని ఉన్నారు. నా తరఫున ఆమే మాట్లాడతారనుకున్నాను. “నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతా” అన్నారు. తీగ చుట్టించింది నేనేననీ, పెంచలమ్మగారికి తెలియదనీ చెప్పాను. దెబ్బలు పడతాయనుకున్నాను. ఒక పెద్దాయన మాత్రం శీనయ్య భార్యవైపు తిరిగి, ఏం కావాలని అడిగాడు.

“రేపు అలివి వల తాడు ఎవురు లాగతారు? మడిసి తాడుకు పోకపోతే మా ఇంటికి చేపల్లో పాలు రాదు గదా” అందామె.

తీర్పు అదే అయింది. శీనయ్య చెయ్యి మానేదాకా అతని వంతు తాడు నేను లాగాలి, చేపల్లో అతని పాలు, అంటే వాటా, అతని ఇంటికి చేరాలి. పట్టుబడి దగ్గరపడినా పెంచలమ్మగారు నన్ను రోజూ పొద్దున్నే పాలేనికి పంపారు. నా బదులు గట్టు మీద ఆమే కాపలా తిరిగారు.

అలివి వల వేటంటే, పడవలో పోయి సముద్రంలో వల తిప్పి వచ్చాక దాని రెండు తాళ్లనూ ఒడ్డు నుంచి అందరూ కలిసి లాగడం. మొదట్లో నా చేతులు బొబ్బలెక్కాయి. “ఏం కరెంటు బావా, తాడు షాకు కొడతా ఉండాదా?” అని ఆడవాళ్లు ఏడిపించేవారు. నేను తలెత్తేవాణ్ని కాదు. కొన్నాళ్లకు తాడు లాగుతూ వాళ్లు పాడే పదం నాకూ నోటికొచ్చింది. వల బరువుగా వస్తే సంతోషమయ్యేది. శీనయ్య చేతికట్టుతో ఇసుకలో కూర్చుని, మడమలు ఇంకా గట్టిగా తన్నిపెట్టమనేవాడు. ఒకరోజు కట్టు లేకుండా వచ్చి నా వెనక తాడు పట్టాడు. ఇక పొమ్మని అతను అనలేదు. నేనూ వదల్లేదు.

పెంచలమ్మగారు పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు నాకూ చెరువులున్నాయి, దొంగలూ ఉన్నారు. తీగ చుట్టిద్దామా అని పనిలో కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. నేను వాదించను. శీనయ్య ఇంటికి చేపల పులుసు తినడానికి తీసుకుపోతాను. ముడుచుకోని రెండు వేళ్లను పక్కకు చాపి అతను అన్నం కలుపుకుంటుంటే, వాళ్లు ఏమయిందని అడుగుతారు. శీనయ్య నవ్వుతూ నావైపు చూపిస్తాడు.

“ఆయన్నే అడగండి. పులుసు చల్లారేలోపల చెబుతాడు.”

చెబుతాను. అతన్ని దొంగను చెయ్యబోయిన సంగతి కూడా.