కొలవని చెయ్యి

టెల్కో కాలనీ నుంచి సాక్చి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో, తుపాకీకి వెనక ఉండే, భుజానికి ఆనించుకునే కర్ర ఒకటి ఉంది.

అది వాళ్లమ్మాయి తుపాకీదట. గాల్లోకి ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే పోటీల్లో గురి వరసగా తప్పుతుంటే ఇంట్లో దిష్టి అన్నారట. ఈయన తుపాకీకి నిమ్మకాయ కట్టాడు. ఆ మాట వినగానే విరుచుకుపడబోయాను.

“దిష్టీ నేదు, ఏటీ నేదమ్మా,” అన్నాడు ఆయనే. “కర్ర మగోళ్ల కొలత. మా పిల్లకి అంగుళం పొడుగు. ముప్పై ఏళ్లు కార్ఖానాలో వడ్రంగం చేసేను, కొలవకుండా ఏ చెక్కా కొయ్యనేదు. పిల్ల చెయ్యి మాత్రం కొలవనేదు.”

కర్ర చివర కొత్త కోత కనిపిస్తోంది. “ఇప్పుడు కోశారుగా. కాలుస్తోందా?”

“దిష్టి తన ఒంట్లోనే ఉందని నమ్మీసినాదమ్మా. నిన్న ఇది చూపిత్తే, ‘రహనే దో నాన్నా, ఇంక వదిలెయ్’ అని లోపలికెలిపోనాది. ఇంక ముట్టదు.”

నా వైపు తిరిగాడు. “ఓపాలి చెయ్యి మడవండమ్మా. దానిదీ మీ అంత చెయ్యే.”

నా మోచేతి మడతలో కర్ర మొదలు ఆనించాడు. ట్రిగ్గర్ ఉండే చోటికి వేలు సరిగ్గా అందింది.

“సరిపోనాదా అమ్మా?”

“సరిపోయింది,” అన్నాను. ఎన్నో సభల్లో దిష్టిని చీల్చి చెండాడిన నేను, సాక్చి వచ్చేదాకా ఆ కర్రను అలాగే పట్టుకుని కూర్చున్నాను.