ఈ నంబరు ముందే ఉంది

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. ఇంట్లో నాకు దిష్టి తీస్తున్నా ఫోన్లోంచి తలెత్తేవాణ్ణి కాదు. సూర్యాపేటలో కూర్చుని ప్రోగ్రాములు రాసుకునేవాడికి కరెంటు పోతుందన్న భయం తప్ప ఇంకేముంటుంది?

పాలకేంద్రాల కోసం ఒక యాప్ చేశాను. బర్రె పేరు కొట్టి బటన్ నొక్కితే ఫోనే దానికో నంబరు పుట్టిస్తుంది. అక్షరాలు, అంకెలు, గీతలు కలిపి ముప్పై ఆరు. ఎవర్నీ అడగదు, దేన్నీ చూడదు, నొక్కిన ప్రతిసారీ కొత్తది. మిర్యాలగూడ మిల్లుల బియ్యమంతా కలిపి, కళ్లు మూసుకుని రెండుసార్లు ఒకే గింజ తీయొచ్చేమో గానీ, ఈ నంబరు రెండోసారి రాదు.

మొదట ఎక్కించింది వేములపల్లిలో మా చిన్నమ్మ బర్రె లచ్చిని. చిన్నాయన పోయాక ఆ పాలతోనే ఆమె ఇల్లు నడిచేది. మొన్నటి వానాకాలంలో దాన్ని ఎవరో తోలుకుపోయారు. చిన్నమ్మ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. ఇక యాప్‌లోంచి తీసేస్తానంటే నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు బిడ్డా. అది యాడనో బతికే ఉన్నది."

సరేనని ఉంచాను.

నెల తిరక్కముందే కోదాడ నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. పశువుల అంగట్లో కొన్న బర్రె ఒక్కటే యాప్‌లో ఎక్కడం లేదట, మిగతావన్నీ ఎక్కాయట. వెళ్లి ఆయన ఫోన్లో నేనే నొక్కాను. "ఈ నంబరు ముందే ఉంది" అని వచ్చింది. ఆ మెసేజ్ నేను రాసిందే, ఎన్నడూ అవసరం రాదనుకుని రాసింది. మళ్లీ నొక్కినా అదే. ఎవరిదా నంబరని వెతికితే, లచ్చిది.

వెంటనే ఫోన్ తీశాను. చిన్నమ్మను బస్సెక్కి రమ్మన్నాను.

"ఎంత బతిమాలినా పాలు చేపట్లేదండీ, పొదుగు ముట్టుకుంటే తన్నేస్తోంది" అంటున్నాడు రైతు.

చిన్నమ్మ గేటు దగ్గర్నుంచే "లచ్చీ" అంది. బర్రె తాడు తెంపుకునేంతగా గుంజింది. ఆమె చెయ్యి పడగానే చేపింది. దాని డొక్కకు ముఖం ఆనించి ఏడుస్తూనే పితికింది చిన్నమ్మ. నాకూ కన్నీళ్లు ఆగలేదు. రైతు కాసేపు చూసి, "తోలుకెళ్లమ్మా. అమ్మినోడి సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

ఆ కోడ్‌ను నాకంటే తెలివైన మిత్రులకు కూడా చూపించాను. తప్పు దొరకలేదు. అది బర్రె ఫోటో కూడా అడగదు. ఎలా గుర్తుపట్టిందో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత ఎన్నో బర్రెలు ఎక్కాయి, ఆ మెసేజ్ మళ్లీ రాలేదు.

చిన్నమ్మకు మాత్రం ఇందులో వింతేమీ లేదు. "బతికే ఉన్నదని జెప్పిన గదా" అంటుంది. నాకే, ఆ బటన్ నొక్కే ముందు ఇప్పటికీ వేలు ఒక్క క్షణం ఆగుతుంది.