ప్రేమానందం సర్కసులో మాటలుండవు

సర్కసు ప్రేమానందం మాట్లాడేవాడు కాదు. పాడేవాడు. మంచినీళ్ళు కావాలన్నా పాటే, గుర్రానికి ఉలవలు పెట్టమన్నా పాటే. పోట్లాటైతే ఇక చరణాలతో సహా. తనొక్కడే పాడుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండకపోను. డేరాలో ఉన్నంతసేపు ఎవరైనా సరే పాడే మాట్లాడాలని చట్టం చేశాడు. నోరు జారి మామూలుగా మాట్లాడినవాడు ఆ రోజు ఒంటెకు స్నానం చేయించాలి. ఆ ఒంటె బుద్ధి తెలిసినవాళ్ళెవరూ రెండోసారి నోరు జారలేదు.

సర్కసంటే రెండు గుర్రాలు, ఆ ఒంటె, పళ్ళూడిన ఎలుగుబంటి, పదకొండు మంది మనుషులు. బోర్డు మీద మాత్రం "అఖిల ప్రపంచ ప్రేమానందం మహా సర్కసు" అని ఉండేది. ప్రపంచమంటే అటు సూళ్లూరుపేట, ఇటు మదనపల్లె.

ఈ చట్టం కింద అందరికన్నా ఎక్కువ నలిగినవాడు హార్మోనియం ఆదిమూలం. సంగీతం తెలిసి ఉండటమే అతను చేసుకున్న పాపం. ప్రేమానందం పాట మోహన రాగంలో బయలుదేరేది. దారి తప్పి ఎక్కడెక్కడో తిరిగి, చివరికి శాస్త్రంలో పేరు లేని చోట తేలేది. చిన్నప్పుడు సత్యవేడు చర్చిలో పాడుతుంటే పాదిరిగారు పిలిచి, "నాయనా, మనసులో పాడుకున్నా దేవుడు వింటాడు" అన్నారట. ప్రేమానందం దాన్ని మెచ్చుకోలు కిందే జమ కట్టుకున్నాడు.

ఓసారి తిరుపతిలో డేరా వేస్తుంటే పోలీసు జమేదారు వచ్చి లైసెన్సు చూపించమన్నాడు. ప్రేమానందం లైసెన్సు చూపిస్తూ, అది ఎట్లా వచ్చిందో పల్లవి ఎత్తుకున్నాడు. జమేదారు రెండో చరణం దాకా ఓర్చుకున్నాడు.

"సాలప్పా సాలు! డేరా వేసుకో. నన్నిడిసిపెట్టు!" అని టోపీ చేతపట్టుకుని పోయాడు.

భార్య ఆనందమ్మ ఎంత తిట్టు తిట్టినా జోలపాట వరసలోనే తిట్టేది. వంటపాక దగ్గర తిట్లు జోరుగా సాగుతుంటే పక్కవీధి పసిపిల్లలు నిద్రపోయేవాళ్ళు.

పంతొమ్మిది వందల నలభై ఆరులో చంద్రగిరి కోట కింద డేరా ఉండగా మద్రాసు నుంచి జయరావు అనే సినిమా డైరెక్టరు కారులో దిగాడు. ఏమీ లేనివాడొకడు సర్కసు పెట్టి పైకొచ్చిన కథతో పాటల సినిమా తీస్తున్నాడట. ఎలుగుబంటితో జగడమాడుతున్న ప్రేమానందం మీసాలు చూసి, "హీరో దొరికాడు!" అన్నాడు.

"ఎన్ని పాటలప్పా...ఆ...ఆ?" అని ప్రేమానందం రాగం తీశాడు.

"ఇరవై రెండు. అవి మద్రాసులో వేరేవాళ్ళు పాడతారు. మీరు మైకు ముందు మాట్లాడితే చాలు."

ఆదిమూలం కళ్ళు మూసుకుని తిరుమల కొండకేసి దణ్ణం పెట్టాడు. ఊరూరా గోడల మీద తన మీసాలు కనబడతాయన్న ఆశతో ప్రేమానందం ఒప్పుకున్నాడు కూడా.

డేరాలోనే షూటింగు మొదలైంది. జోకరు చిన్నబ్బ పరిగెత్తుకొచ్చి, "దొరా, ఎలుగుబంటి తప్పించుకుంది!" అనాలి. తరువాతి మాట ప్రేమానందానిది. ఆటలో నాలుగు వందల మందిని నవ్వించే చిన్నబ్బ మైకు ముందు నిలబడి నోరు తెరిచాడు.

"దొ... దొ... దొ..."

సినిమావాళ్ళు పకపకా నవ్వారు. ఆదిమూలం వేళ్ళు హార్మోనియం మెట్ల మీదే ఆగిపోయాయి. ఆరేళ్ళుగా చిన్నబ్బ పాట విన్నాడు గానీ మాట ఎన్నడూ వినలేదు. అతనికి నత్తి ఉందని ఇప్పుడే తెలిసింది.

"ఆ వేషం ఇంకొకడికిద్దాం," అన్నాడు జయరావు.

ప్రేమానందం మైకుకు అడ్డంగా నిలబడి గొంతెత్తాడు. "మా సర్కసులో మాటలుండవప్పా...ఆ! జోకరు లేనిదే యజమాని యాడుంటాడప్పా...ఆ! నీ సినిమా నువ్వు ఎత్తుకోనిపోప్పా...ఆ!"

"ఇలాంటి అవకాశం మళ్ళీ రాదండీ!" అన్నాడు జయరావు.

దానికీ ఒక చరణం వచ్చింది. జయరావు కారు వైపు నడిచాడు.

ఆదిమూలం వంటపాకకు ఉరికాడు. "ఏమిది తల్లీ?" అని పాడాడు.

ఆనందమ్మ గొంతు తగ్గించి పాడింది. "ఎనిమిదేండ్ల కింద సిన్నబ్బ వచ్చినాడు. ఆకలని సెప్పను నోరు రాక ఏడ్సినాడు. ఈయప్ప 'పాడి అడగరా' అన్నాడు. పాటకు నత్తి అడ్డం రాలా. వాడొక్కడే పాడితే జనం నవ్వుతారని, మర్నాడే అందరికీ సట్టం పెట్టినాడు. వాడికి తెలియనీకప్పా!"

ఆదిమూలం ఒక చేత్తో హార్మోనియం, ఇంకో చేత్తో చిన్నబ్బను పట్టుకుని పరిగెత్తాడు. కదలబోతున్న కారు ముందు చతికిలపడి, ఎలుగుబంటి తప్పించుకుందన్న మాటకు అప్పటికప్పుడు వరస కట్టాడు. చిన్నబ్బ అందుకున్నాడు. గడగడా, గమకాలతో, ఎలుగుబంటి నడకతో సహా పాడేశాడు. కారు డ్రైవరు స్టీరింగు మీద వాలిపోయి నవ్వాడు. జయరావు జేబులోంచి పెన్సిలు తీసి, సీన్లో మాటలన్నీ కొట్టేశాడు.

"అన్నీ పాటలే చేద్దాం. ఇతను మాత్రం సొంత గొంతుతోనే పాడాలి," అన్నాడు.

మరుసటి ఏడాది సినిమా తిరుపతికి వచ్చింది. సర్కసంతా బెంచీల మీద వరసగా కూర్చుంది. తెర మీద ప్రేమానందం నోరు తెరిస్తే మద్రాసు గాయకుడి గొంతు తేనెలా వచ్చింది. ప్రేమానందం ఆదిమూలం చెవిలో పాడాడు.

"సూడప్పా, మైకులో నా గొంతు ఎంత బాగుండాదో...ఓ!"

ఆదిమూలం అవునన్నాడు. చిన్నబ్బ పాటకైతే జనం ఈలలు వేసి, రీలు వెనక్కి తిప్పించి రెండుసార్లు చూశారు.

ఆట వదిలాక బయట ఒక పెద్దాయన చిన్నబ్బను ఎగాదిగా చూశాడు. "ఏమప్పా, ఆ జోకరు నువ్వేనా?"

ఆదిమూలం శ్రుతి అందించబోయాడు. చిన్నబ్బ పాడలేదు.

"నే... నే... నేనేనప్పా," అన్నాడు నవ్వుతూ.

"నవ్వి నవ్వి కడుపు సెక్కలైపాయ గదప్పా!" అని పెద్దాయన చిన్నబ్బ వీపు తట్టి వెళ్ళిపోయాడు.

ప్రేమానందం చిన్నబ్బ భుజం మీద చెయ్యి వేశాడు. తరువాత గొంతు సవరించుకుని, రాగం లేదు, తాళం లేదు, "సిన్నబ్బా, ఆకలైతాండాది. పోయి అన్నం తిందాం రా," అన్నాడు.

ఆనందమ్మ బుగ్గ మీద వేలేసుకుంది.

"ప్రభువా! తొమ్మిదేండ్లకు ఈ మనిసి నోట మాట విన్నా. మాట్లాడితే గొంతు ఇంత బాగుంటాదని మర్సేపోయినా!"