తిరిగొచ్చే రాయి

ఆ పల్లెకు వెళ్లడం నా ఖర్మ. జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్ దాటి ఎక్కడో పొలాల మధ్య ఉంటుంది. జర్మన్ వస్తేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు అని మేమంతా జపం చేసే రోజులవి. సెలవుల్లో వాలంటీర్లు కావాలంటే, నాలుగు జర్మన్ ముక్కలు వస్తాయని ఎగేసుకుంటూ వెళ్లాను. నా రూమ్మేటు, కరీంనగర్ కుర్రాడు, వెంట వచ్చాడు. తీరా చూస్తే పని శ్మశానంలో! ఇక్కడ సమాధి జాగా కొన్నేళ్లకే ఇస్తారు. గడువు తీరినవాటి రాళ్లు తీసి గోడ వారగా పేర్చాలి.

"సచ్చినోళ్లకు గూడ కాంట్రాక్టేనా అన్నా!" అని నవ్వాడు వాడు.

మర్నాటికి ఆ నవ్వు పోయింది. ఒక ఆడపిల్ల పేరున్న చిన్న రాయి, మేం తీసేసిందే, మళ్లీ తన చోటికి వచ్చేసింది. తీశాం. మళ్లీ వచ్చింది. పైగా ఆ రోజే వాడి కాలు మడతపడింది. ఇక చూడండి నా తిప్పలు.

"ఆమె పగబట్టిందన్నా. నేనైతే ఆ రాయి ముట్ట."

"ఇంజనీరింగ్ చదివావు గదరా, సిగ్గులేదూ?" అని అరిచాను. వాడి వాటా రాళ్లు కూడా నేనే మోశాను. ఒళ్లు మండిపోయింది.

ఆ దెయ్యమేదో తేల్చేద్దామని ఒకరోజు పొద్దున్నే, టీ కూడా తాగకుండా వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చింది మాకు రోజూ సూపు పోసే ముసలావిడ. గోడ దగ్గరి రాయిని తోపుడుబండిలోకి దొర్లించి, ఆయాసపడుతూ తోసుకొస్తోంది. నన్ను చూసి తడబడలేదు.

"నా చెల్లెలు," అంది. "గడువు ఇక పొడిగించేది లేదన్నారు. నేను బతికుండగా దీన్ని తియ్యనివ్వను."

అంత కోపం దెయ్యాలకు కూడా ఉండదు. మావాడికి జరిగింది చెప్పాను; ఇద్దరం ఆ రాయి జోలికి మళ్లీ పోలేదు.

ఆఖరి రోజు ఊరి తరఫున పని చూసే పెద్దమనిషి వచ్చి, ఆ ఒక్క రాయీ ఎందుకు మిగిలిందని చిరాకుపడ్డాడు. ముసలావిడ సూపు గిన్నెతో అక్కడే నిలబడిపోయింది. మావాడు కుంటుకుంటూ ముందుకొచ్చి, అక్కడ దెయ్యం ఉంది, నేను ముట్టను అన్నాడు వచ్చీరాని జర్మన్‌లో. ఆయన విసుగ్గా నా వైపు తిరిగాడు.

"నాకూ భయమే," అన్నాను.

"సరే, వచ్చే ఏడు వచ్చేవాళ్లు తీస్తారు," అని ఆయన వెళ్లిపోయాడు.

"వచ్చే ఏడు గూడ మనమే వద్దామన్నా," అన్నాడు వాడు బస్సులో. మళ్లీ ఆ శ్మశానమా, నా వల్ల కాదు పొమ్మని కసిరాను. ఏడాది తిరగ్గానే ముందుగా పేరిచ్చింది మాత్రం నేనే.