మోటబావి మీద విలాయతి ఇంజను

మా పెద్దబాపుకు దేశం దాటి వచ్చిన వస్తువంటే ప్రాణం. లాంతరు జర్మనీది, గొడుగు విలాయతిది. గడ్డం గీసుకునే బ్లేడు ఏ దేశందో ఆయనకే తెలియదు గాని మన దేశానిది కాదు, అంతవరకు ఖాయం. గొడుగుకు చిల్లి పడి వాన నెత్తిమీద కారుతున్నా, విలాయతి చిల్లి అని మురిసిపోతాడని మా పెద్దమ్మ ఎగతాళి చేసేది. ఎవరైనా కొత్త వస్తువు చూపిస్తే ముందు తిప్పి అడుగున ఉన్న అక్షరాలు చూసేవాడు. చదవడం రాదు. మన అక్షరాలు కావని తెలిస్తే చాలు, "సరుకంటే గిది" అనేవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆయనకు పొరుగిల్లు కూడా చాలదు, సముద్రం అవతలిది కావాలి.

బాపు, అంటే మా నాన్న, ఆయనకు తమ్ముడు. బాపుకు ఏ వస్తువు మీదా మోజు లేదు. మా అమ్మ పోయిన తర్వాత మాట మీద కూడా మోజు పోయింది. నేను ఒక్కతే బిడ్డను. ఇంటికి మధ్యగోడ, అటు సగం పెద్దబాపు వాళ్లది, ఇటు సగంలో మేమిద్దరం. నేను వండి పెడితే బాపు తలవంచుకుని తినేవాడు, చెయ్యి కడుక్కునేవాడు, గొంగడి పరుచుకుని పడుకునేవాడు. కోపం లేదు, కసురుకోవడం లేదు. మాటే లేదు. నా ఈడు పిల్లలకు అప్పటికే పెళ్లిళ్లయి అత్తగారిళ్లకు పోయారు. పొయ్యిలో కట్టెలతో మాట్లాడుకుంటూ వంట చేసేదాన్ని.

కాని బావి దగ్గర మాత్రం బాపు వేరే మనిషి.

మోట అంటే ఈ కాలం వాళ్లకు కాస్త చెప్పాలి. పెద్ద తోలు బొక్కెనకు మోకు కట్టి బావిలోకి వదులుతారు. ఎడ్ల జత పల్లంగా తవ్విన బాటలో దిగితే బొక్కెన పైకి వచ్చి నీళ్లు కాలువలో పడతాయి. మళ్లీ ఎడ్లు వెనక్కి వెనక్కి నడిచి బాట ఎక్కితే బొక్కెన కిందికి పోతుంది. ఎడ్లకు ముందుకు నడవడం పుట్టుకతో వస్తుంది. వెనక్కి నడవడం మనిషి నేర్పాలి. బాపు మా జతకు పాటతో నేర్పాడు. మోకు మీద కూర్చుని గొంతెత్తి రాగం తీస్తే దిగేవి, రాగం దించితే ఎక్కేవి.

నా పని చివరన, వరిమళ్లలో. పార పట్టుకుని నిలబడి, ఒక మడి నిండగానే గండి మూసి నీళ్లు పక్క మడికి మలపాలి. బాపు నాకు వేలెడంత కనిపించేవాడు గాని గొంతు మాత్రం చెవి పక్కనే ఉన్నట్టు వినిపించేది.

"నిండిందా బిడ్డా?"

"నిండింది బాపో!"

"మలుపు మరి!"

అంతటితో అయిపోయేది కాదు. ఇంట్లో చెప్పనివన్నీ బాపు పాటలో పెట్టి పంపేవాడు. ఎర్రెద్దు పొద్దున అలిగి గడ్డి ముట్టలేదని, బావిలో ఉడుం కనబడిందని, అన్నీ ఆ రాగంలోనే. ఒకరోజు "పుంటికూరల ఉప్పెక్కువాయె, నా బిడ్డకెవరన్న జెప్పుండ్రి" అని పాడాడు. ముందు రోజు నేను వండిన గోంగూర అది. ఇంట్లో మారుమాట లేకుండా తిని లేచిన మనిషి! నేను నవ్వుతూ, "రేపు తక్కువేస్త బాపో!" అని అరిచాను. అమ్మ చేతి జొన్నరొట్టె గురించి కూడా ఆయన పాటలోనే విన్నాను. నాకు తండ్రి దొరికేది ఆ మోట నడిచినంత సేపే.

నిజాం జమానా పోయి కొన్నేళ్లయింది. హైదరాబాదు నుంచి రకరకాల సరుకు వస్తున్న రోజులు. మా పెద్దబాపు పట్నం పోయి ఆయిల్ ఇంజను ఖాయం చేసుకుని వచ్చాడు. ఓడలో వచ్చిందట. లారీ కొత్తకోట దాకా తెచ్చి రోడ్డు పక్కన దించింది. అక్కడి నుంచి మా ఊరికి బండి బాట. ఎవరి ఎడ్లు పోవాలి? మా మోట ఎడ్లే పోయాయి. దారిలో రెండు వాగులు దాటించి, ఒగరుస్తూ ఇంజనును బావి దగ్గరికి లాక్కొచ్చాయి.

ఆకుపచ్చ రంగు, పెద్ద చక్రం, పైన ఇత్తడి రేకు మీద అక్షరాలు. పెద్దబాపు ఆ రేకుకే పసుపు కుంకుమ పెట్టాడు. ఊరంతా చూడవచ్చింది.

"తెల్లోడు పోయిండు గని వాని ఇనుం పోలే," అన్నాడు ఒకాయన.

ఒక ముసలవ్వ చుట్టూ తిరిగి చూసి, "ఏం తింటదిరా గిది?" అని అడిగింది.

"ఆయిలు తాగుతదే అవ్వా. గడ్డి లేదు, కుడితి లేదు," అని పెద్దబాపు గొప్పగా చెప్పాడు.

"గట్లయితె పెండ గూడ పెట్టదన్నట్టు. మరి పొలానికి ఎరువెట్ల?"

అందరూ నవ్వారు. పెద్దబాపు మొహం మాడ్చుకున్నాడు. అవ్వ అడిగింది తప్పేమీ కాదని మరుసటి పంటకు తెలిసింది గాని, ఆ రోజు మాత్రం ఆవిడను పిచ్చిదాన్ని చేశారు.

"ఎడ్లను గూడ మేపుడెందుకు? అమ్ముదాం," అన్నాడు పెద్దబాపు.

"నీ ఇష్టం అన్నా," అన్నాడు బాపు. అంగడికి ఎడ్లను తోలుకుపోయిన రోజు బాపు సాయంత్రం వట్టి పలుపులు భుజాన వేసుకుని వచ్చి, వాటిని కొయ్యకు తగిలించి, అన్నం వద్దని పడుకున్నాడు.

ఇంజను నడిచిన మొదటి రోజు నీళ్లు నిజంగానే వరదలా వచ్చాయి. ఆ మాట ఒప్పుకోవాలి. మోట పూట పట్టి పారించే మడి చూస్తుండగానే నిండింది. "నిండింది బాపో!" అని అరిచాను. ఆ టకటకలో నా మాట నాకే వినబడలేదు. గొంతు చించుకున్నాను. ఆ ఉధృతికి గండి మూయలేకపోయాను, గట్టు తెగి నీళ్లు పక్కవాళ్ల చెలకలోకి పోయాయి. బావి దాకా పరుగెత్తి ఒగరుస్తూ చెప్పాను. బాపు తన నెత్తి రుమాలు విప్పి నా చేతికిచ్చాడు. నిండితే అది ఊపాలి, ఆయన చూసి ఇంజను జోరు తగ్గిస్తాడు. అంతే ఏర్పాటు.

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య మిగిలింది ఆ గుడ్డముక్క. పొద్దున రుమాలు ఊపేదాన్ని, సాయంత్రం రుమాలు ఊపేదాన్ని. బాపు ఇంజను పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాడు. పాట లేదు, ఇనుముకు పాటెందుకు? ఇంటికి వస్తే మునుపటి లాగే తలవంచుకుని తిని పడుకునేవాడు. ఒకరోజు కావాలనే కూరలో ఉప్పు ఎక్కువ వేశాను. నోట్లో పెట్టుకోలేనంత వేశాను. బాపు మొత్తం తిన్నాడు, రెండు చెంబుల నీళ్లు తాగి పడుకున్నాడు. మరునాడు పొలంలో చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. టకటక తప్ప ఏమీ లేదు. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఇంటి నిండా మనుషులున్న వాళ్లకు ఈ ఏడుపు అర్థం కాదు. అమ్మ పోయినప్పుడు కూడా నేను అంత ఒంటరిదాన్ని కాలేదు.

ఎండాకాలం వచ్చింది. మహబూబ్‌నగర్ ఎండలు తెలిసినవే. బండరాళ్లు కూడా మూలుగుతాయి. వరి పొట్ట మీద ఉంది. బావిలో నీళ్లు అడుగుకు పోయాయి, ఇంజను పొద్దంతా మొత్తుకుంటోంది. ఆ మధ్యాహ్నం నేను అంబలి తీసుకుని బావి దగ్గరికి పోయాను. ఇంజను మీది నుంచి వేడి సెగలు కొడుతున్నాయి. బాపు దాన్ని ఆపాడు.

మా ఎడ్లను మోట విప్పగానే బాపు ముందు చేసే పని ఒకటుండేది. తను మొహం కూడా కడుక్కోకముందే, బావి నీళ్లు చేది వాటి మెడల మీద, కాడి ఒరుసుకున్న చోట పోసేవాడు. అరచేత్తో రుద్దుతూ, "పాయె, పాయె, పాణం చల్లబడె" అనేవాడు. ఎడ్లు కళ్లు మూసుకునేవి. ఆయన చేతులకు ఆ పని అన్నం తినడం లాంటిది.

ఆ చేతులే చేద బొక్కెన ఎత్తాయి. "చలిదేశం నుంచి వచ్చినదానివి, గీ ఎండకు ఎట్ల తాళుతవ్," అన్నాడు బాపు. ఎన్నో నెలల తర్వాత నా చెవిన పడిన ఆయన గొంతు! అదీ ఇనుముతో. చల్లటి బావి నీళ్లు ఇంజను నెత్తిన కుమ్మరించాడు. బుస్సున ఆవిరి లేచింది. దాని వెంట టప్పుమని ఒక్క చప్పుడు.

పై నుంచి కింది దాకా ఇనుము పగిలింది.

పెద్దబాపు పరుగున వచ్చాడు. "ఏం జేసినవురా?"

"ఎడ్లకు పోసినట్టే పోసిన్నే అన్నా."

"ఎడ్లకు పోసినట్టా! విలాయతి మాల్‌రా అది! నీ మొండికొమ్ము ఎద్దనుకున్నవా?" అని నెత్తి కొట్టుకున్నాడు. బాపు పగులు మీద చెయ్యి పెట్టి, వేడికి తీసి, మళ్లీ పెట్టాడు. ఆ అరచెయ్యి బొబ్బలెక్కింది.

పట్నంలో అడిగితే పగిలిన ముక్క ఓడలో రావాలన్నారు. ఇక్కడే పోత పోసి ఇచ్చేవాళ్లు ఉన్నారని ఎవరో చెప్పారు. "దొర నెత్తి మీద నాటు టోపీ పెడుతమా?" అని పెద్దబాపు ససేమిరా అన్నాడు. ఓడ ఎక్కడుందో సముద్రానికే తెలియాలి. వరి ఆకులు చుట్టుకుపోతున్నాయి.

బాపు అటక మీది మోట బొక్కెన దించాడు. తడి లేక తోలు ఎండి బిగుసుకుపోయింది. తోలు పని చేసే తాత దానికి నూనె పట్టించి, కుట్లు వేసి పనికి తెచ్చాడు. పక్క చేను వాళ్ల ఎడ్లను బదులు అడిగాడు బాపు. అవి దుక్కి ఎడ్లు, వెనక్కి నడవడం తెలియదు. బాపు రాగం దించితే బిత్తరపోయి అక్కడే నిలబడ్డాయి. ఎవరి ఎద్దుకు వారి గొంతే తెలుస్తుంది. బాపు కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని, వాటి ముందుకు పోయి రొమ్ముల మీద చేతులు పెట్టి నెడుతూ, బాట ఎక్కిస్తూ, మళ్లీ వచ్చి మోకు మీద కూర్చుంటూ, పాడుతూ మోట నడిపాడు. పొద్దు తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది.

నేను మడిలో నిలబడి విన్నాను. పంట పోతోంది, బాపు ఒళ్లు హూనమవుతోంది, నాకు మాత్రం పండుగలా ఉంది. ఇంజను పగిలినందుకు మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను. అప్పుడే వచ్చింది పాటలో, బొంగురు గొంతుతో: "ఉప్పు కుమ్మరిస్తె బాపు పలుకుతడా, పిచ్చి బిడ్డా..."

ఆయనకు తెలుసు! ఉప్పు ఎందుకు వేశానో ఆ రోజే తెలుసు!

బావి దగ్గరి మడులు దక్కాయి. దూరపువి పశువుల మేతకు పోయాయి. వానలు మొదలయ్యాక ముక్క వచ్చింది, చెక్కపెట్టెలో, నూనె కాగితంలో పసిబిడ్డలా చుట్టి. పెద్దబాపు ఆ కాగితం కూడా పారేయకుండా మడత పెట్టి దాచుకున్నాడు. ఇంజను మళ్లీ నడిచింది. ఎడ్లు వాళ్ల ఇంటికి, బొక్కెన అటక మీదికి, రుమాలు నా చేతికి. కొన్నాళ్లు తమ్ముణ్ని నమ్మక పెద్దబాపే నడిపాడు. పొగకు దగ్గు పట్టుకుంది. చివరికి బాపుకే అప్పగించాడు.

నేను మళ్లీ చివరి మడిలో నిలబడ్డాను. చెవుల్లో టకటక. ఇక జీవితమంతా ఇంతే అనుకున్నాను.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. మళ్లీ ఏం విరిగిందోనని బావి వైపు తిరిగాను. కాలువలో నీళ్లు పారే సవ్వడి వినబడింది. తర్వాత దూరం నుంచి గొంతు.

"నిండిందా బిడ్డా?"

ఆ ఇంజనును ఆపడం తేలిక, నడిపించడం కష్టం. వంకర ఇనుపకడ్డీ పెట్టి ఇద్దరు చేసే పని ఒక్కడే, ఒంట్లో బలమంతా పెట్టి తిప్పాలి. తిప్పడం తప్పితే కడ్డీ చెయ్యి విరగ్గొడుతుంది. నా చేతిలో రుమాలు ఉంది, ఊపితే కనబడుతుంది. అడగడానికి ఆపాల్సిన పనే లేదు.

గట్టు మీది నుంచి పెద్దబాపు కేక వేశాడు. "మళ్ల ఎందుకు ఆపినవురా?"

"వేడెక్కిందన్నా! జర చల్లబడనీ!"

ఆ మాట వినగానే పాత పగులు గుర్తొచ్చి పెద్దబాపు వచ్చిన దారినే పోయాడు. పొద్దు ఇంకా గుట్ట ఎక్కలేదు. ఇంజను పెట్టి ఎంతోసేపు కాలేదు. వేడెక్కే వేళే కాదు.

"నిండిందా బిడ్డా?" అని మళ్లీ అడిగాడు.

రుమాలును నడుములో దోపుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాను.

"నిండలే బాపో! ఇంక జర ఉంది! జరసేపాగి మళ్ల అడుగు!"

మడి ఎప్పుడో నిండింది. నీళ్లు గట్టు పొర్లి నా కాళ్ల మీదుగా పోతున్నాయి.