కిత్తనార పాకం కోసం బొల్లారం దాకా

పాకం గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అనుకునే రకం నేను. సీతాఫల్‌మండిలో మా అబ్బాజాన్ పెట్టిన మిఠాయి దుకాణంలో పదిహేనేళ్ళుగా కడాయి ముందే నిలబడుతున్నాను. అలాంటి నాకు మూడో తరగతిలో ఎక్కాలు నేర్పిన సుగుణ టీచర్ ఫోన్ చేసి, "ఇస్మాయిల్, మా కంచె మొక్కలోంచి తీపి నీళ్ళు వస్తున్నాయిరా, పాకం కాచి పెడతావా?" అన్నారు. ఇక ఆగుతానా? కంచె మొక్క అంటే కిత్తనార. రైలు పట్టాల పక్కన మందపాటి ముళ్ళ మట్టలతో పెరుగుతుందే, అదే. దాంట్లో తీపి ఉంటుందని నేనెప్పుడూ వినలేదు.

బంద్ లేని శనివారం చూసుకుని పొద్దున ఏడింటికి బయల్దేరాను. షేర్ ఆటోలో ఐదు రూపాయలిచ్చి సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరి, అక్కడ బొల్లారం బస్సెక్కాను. టికెట్ పదకొండు రూపాయలు. తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ మీదుగా ముప్పావు గంట. నా ఒళ్ళో కడాయి చూసి కండక్టర్, "ఏందన్నా, దావత్‌ల వంటకా?" అన్నాడు. "కాదు, కిత్తనారతోని పాకం పట్టనీకి" అన్నాను. ఆయన నన్నూ కడాయినీ మార్చి మార్చి చూసి ముందు సీట్ల వైపు వెళ్ళిపోయాడు.

టీచర్‌ది గుంటూరు. రైల్వేలో పనిచేసిన ఆమె భర్తను మేమంతా అంకుల్ అనేవాళ్ళం. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళ కిందట బొల్లారంలో వాళ్ళ ఇంటి చుట్టూ కిత్తనార పిలకలు నాటింది ఆయనే. బారెడు దూరానికొక పిలక పెట్టి మొదటి ఎండాకాలం నాలుగు చెంబుల నీళ్ళు పోశారట, అంతే. తరవాత దాని బతుకు అదే బతికింది. "ఈ కంచె ఏదైనా ఇస్తే ప్రథమ ఫలం దేవుడికే అనేవారురా మీ అంకుల్. పాలు కాచమంటే మాడబెట్టే మనిషి, ఈ మాట మాత్రం మరిచిపోలేదు" అన్నారు టీచర్. చిక్కేమిటంటే, కిత్తనార జన్మకొక్కసారే పూల కాడ వేస్తుంది, ఆ తరవాత చచ్చిపోతుంది. దానికి మొదటి పంటా ఆఖరి పంటా ఒకటే. ఈ ఏడు రెండు మొక్కలే కాడ వేశాయి.

అందులో ఒకటి అప్పటికే పోయింది. పోగొట్టింది నీళ్ళు తీయడానికి టీచర్ పిలిపించిన కల్లుగీసే మల్లేశం. "తాటిచెట్టు లెక్కనే అనుకుని కాడ కొస గీసిన. నాలుగు చుక్కలు పడ్డయ్, ఎండిపాయె" అన్నాడు తల వంచుకుని. రెండో మొక్కకు బుద్ధిగా లేత కాడను మొదట్లోనే నరికి, అక్కడ గిన్నెలా తొలిచాడు. గుంటలో ఊరిన నీళ్ళు పొద్దునా సాయంత్రం తోడుకుని, లోపల గీకి వదిలేయడం. పచ్చి రసం తగిలి అతని చేతులు దద్దుర్లతో ఎర్రగా ఉన్నాయి. పది రోజుల నీళ్ళు, పులవకుండా ఏరోజువి ఆరోజు మరిగించి ఉంచారు. తీపి అని చెప్పింది మల్లేశమే, టీచర్ ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకోలేదు. మర్నాడు చర్చిలో కోతల పండగ. దేవుడికి ఇవ్వకముందు ప్రథమ ఫలం రుచి చూడనన్నారు. అందుకే రుచి చూసి కాచడానికి నేను కావలసి వచ్చింది.

కట్టెల పొయ్యి మీద గంటన్నర కాచాను. నీళ్ళు తేనె రంగుకొచ్చాయి, చిక్కబడ్డాయి. రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూశాను, తీగ రాలేదు. తీగ రాకుండా కడాయి దించడం మా ఇంటావంటా లేదు. ఇంకో కట్టె ఎగదోశాను. రంగు నల్లబడుతోంది, తీగ మాత్రం రాదు. మల్లేశం లేచొచ్చి కట్టెలు బయటికి లాగేశాడు.

"ఏం చేస్తున్నవ్? ఇంకా తీగ రాలే" అన్నాను.

"రాదు, జెర దించు. నేను తాటిచెట్టు అనుకుని ఒకటి ఖరాబు చేసిన. నువ్వు చక్కెర అనుకుని ఇది సుత ఖరాబు చేస్తవా?"

దించాను. ఒక సీసాడు వచ్చింది. చెంచాతో నాలుక మీద వేసుకుంటే ముందు మంచి తీపి, వెనకాలే సన్నగా మాడు. టీచర్ నా మొహమే చూస్తున్నారు. "మంచిగుంది టీచర్" అన్నాను. పదిహేనేళ్ళ పనితనం, నిజం చెప్పడానికి నోరు రాలేదు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాడు నాలుక మీదే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పండగలో భక్తులు తెచ్చినవన్నీ చివర్లో వేలం వేస్తారు. టీచర్ తన సీసా తానే పాడుకున్నారట. "మాడు తగిలిందిరా" అన్నారు.

"మాఫ్ చెయ్యండి టీచర్. నాకు నిన్ననే తెల్సింది. చెప్పనీకి సిగ్గయింది."

"అచ్చం మీ అంకుల్ కాచినట్టే ఉందిరా. చర్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. కానీ అబద్ధం అబద్ధమే. వచ్చే వారం వచ్చి పదమూడో ఎక్కం అప్పజెప్పు" అన్నారు.

నెట్ సెంటర్‌లో కూర్చుని ఇది టైపు చేస్తూ మధ్యమధ్యలో ఆ ఎక్కం నెమరేసుకుంటున్నాను. ఆమె ఇచ్చిన పిలక దుకాణం వెనక డబ్బాలో ఉంది. అది కాడ వేసేసరికి నా గడ్డం నెరుస్తుంది. అయినా ఒక మొక్క అన్నేళ్ళు దాచిన తీపి చూశాక, నాకు తెలిసిన పాకం ఒక్కటే పాకమన్న పొగరు కొంత దిగింది. మీరూ కాచేటట్టయితే తీగ కోసం చూడకండి, చెంచాకు పట్టుకోగానే దించేయండి. ఒకవేళ మాడితే, రుచి అడిగినవాళ్ళకు మాడిందనే చెప్పండి.