కారు ఏసీకి నీళ్ళు పెట్టిన రైతు

"దీనికి ఓటు హక్కు కూడా వచ్చేసింది బావా, ఇంక ఇంట్లోంచి పంపించెయ్" అని మా కారు గురించి మా బావమరిది ఎగతాళి చేసేవాడు. నేను పంపలేదు. పట్టిన పట్టు విడవకపోవడం మా ఇంటి జబ్బు. ఇంజను గుండ్రాయిలా ఉంది, పోయింది ఏసీ ఒక్కటే. అది లేకపోతే నాకేం ఇబ్బంది లేదు, జీవితమంతా ఎండలో వ్యవసాయం చేసినవాణ్ణి. ఇబ్బంది మా అక్కకు.

అక్కకు కిడ్నీలు పనిచేయవు. వారానికి రెండుసార్లు బాన్సువాడ నుంచి నిజామాబాదు తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తాను. ఆ జబ్బున్నవాళ్ళు నీళ్ళు కొలిచి తాగాలి. తాగిందంతా ఒంట్లోనే నిలిచిపోతుంది. ఎక్కువైన నీటిని మిషను లాగేటప్పుడు పిక్కలు పట్టేసి ప్రాణం పోయినంత పనవుతుంది. మే నెలలో అద్దాలు దించుకుని వెళ్తే వడగాలికి సగం దారిలోని వర్ని ఊరు రాకముందే ఆమె నాలుక పిడచకట్టేది. "ఒరేయ్, ఒక్క గుక్క పొయ్యరా" అనేది. ఇస్తే తప్పు, ఇవ్వకపోతే పాపం. ఇచ్చేవాణ్ణి. దవాఖానకు చేరేసరికి ఒక్క గుక్క కాస్తా సీసాడయ్యేది. తర్వాత ఆమె మంచం మీద పిక్కలు పట్టుకుని ఏడుస్తుంటే, పోసింది నేనే కదా అని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి.

ఈ వేసవి మొదట్లోనే బండిని తీసుకెళ్ళి ఊళ్ళో ఏసీ పని చేసే భాయ్ షెడ్డులో పెట్టాను. భాయ్ అంతా విప్పి చూసి పెదవి విరిచాడు.

"కంప్రెషర్ అరిగి ఇనుప పొడి అంత పైపులల్ల పోయిందన్నా. గిట్లనే కొత్తది బిగిస్తే అది గూడ ఖరాబైతది. ముందుగాల పైపులన్ని సాఫ్ చెయ్యాలె. కడిగే మందు నిజామాబాద్ నుంచి రేపు పొద్దుగాల వస్తది. ఫికర్ చెయ్యకు."

ఎల్లుండి అక్కను తీసుకెళ్ళాలి. రేపటి దాకా చేతులు కట్టుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. భాయ్ నమాజుకు వెళ్ళిన సందులో విప్పిన పైపులూ, బండి ముందుండే ఏసీ జాలీ గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. నిజాంసాగర్ కాలువ కింద బతికినవాడికి లోకంలోని ప్రతి మురికికీ ఒకటే మందు, నీళ్ళు. ఇంకా పొలంలో దింపని కొత్త పవర్ స్ప్రేయర్ ఉంది. దాని గొట్టం పైపులకు ఆనించి జోరుగా కొట్టాను. నల్లటి నూనె, తళతళలాడే పొడి, చివరికి తేటనీళ్ళు వచ్చాయి. ఒక రోజు పని గంటలో తేల్చేశానని మీసం మీద చెయ్యి వేసుకుని మరీ షెడ్డుకు వెళ్ళాను.

భాయ్ ఒక పైపు వంచాడు. అరచేతిలో చుక్క పడింది.

"ఏంది గిది?"

"నీళ్ళు. శుభ్రంగా కడిగి తెచ్చాను."

ఆయన అక్కడే ఉన్న టైరు మీద కూలబడ్డాడు. "అన్నా, గిది నీ పొలం అనుకున్నవా? లోపట నీళ్ళ సుక్క ఉంటే ఐసు గట్టి దారి బంద్ అయితది. తుప్పు వడ్తది. ఏసీకి నీళ్ళంటే ఇషం."

దారిలో అక్కకు నీళ్ళు పోసి చేసిన తప్పునే బండికీ చేశానని అప్పుడు తట్టింది. తల ఎత్తలేకపోయాను. తిట్టమన్నాను. తిట్టాడు కూడా, తెలుగు చాలక ఉర్దూలో.

మర్నాడు మొదటి బస్సుకే కడిగే మందు వచ్చింది. భాయ్ దాన్ని పైపుల్లోకి గాలితో వెనక నుంచి ముందుకు తోశాడు. బయటికొచ్చేది తెల్లగుడ్డ మీద పట్టి, మరక లేకుండా పోయేదాకా మళ్ళీ మళ్ళీ తోశాడు. ఆ తర్వాత పైకి చూసి, "ఎండ ఉత్తగ పోతున్నది గద, దాంతోని పని చేపిద్దాం" అన్నాడు. అన్నీ రేకుల కప్పు మీద పరిచాం. వడియాలు తిప్పినట్టు నేనే నిచ్చెనెక్కి వాటిని అటూ ఇటూ తిప్పాను. చేతులు కాలాయి. కాలాల్సిందే.

కొత్త కంప్రెషర్, తేమ పీల్చే కొత్త డబ్బా బిగించాక లోపలి గాలి లాగేసే పంపు పెట్టాడు. "ఉత్తప్పుడైతే గంట సాలు. నీ పుణ్యమాని ఇయ్యాల నాలుగు గంటలు" అన్నాడు. పంపు ఆపాక మీటరు ముల్లు కదలకూడదు, కదిలితే లోపల తేమో లీకో ఉన్నట్టే. ఇద్దరం దాని ముందు గొంతుక్కూర్చున్నాం. చాయ్ చల్లారిపోయింది. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. గ్యాస్ ఎక్కించి బండి స్టార్ట్ చేశాడు. ముందు ముక్కిన వాసన కొట్టింది, తర్వాత గోరువెచ్చటి గాలి వచ్చింది. ఇంకాసేపటికి చల్లదనానికి వేళ్ళు జివ్వుమన్నాయి. నేను అరిచిన అరుపుకు పక్క దుకాణాలవాళ్ళు బయటికొచ్చారు. చూడ్డానికొచ్చిన మా బావమరిది బండెక్కి కూర్చుని దిగనంటే దిగనన్నాడు.

ఎల్లుండి అన్న రోజు వచ్చింది. అద్దాలు ఎక్కించుకుని బయల్దేరాం. వర్ని దాటింది. అక్క మాట్లాడుతూనే ఉంది. ఎవరి పెళ్ళిలోనో వంకాయ కూర మాడిందని మొదలుపెట్టి, పెళ్ళికొడుకు తాతల దాకా వెళ్ళింది. నేను ఊఁ కొడుతూ నడిపాను.

దవాఖానలో నర్సు ఆమెను బరువు మిషను మీద నిలబెట్టి, దిగమని, మళ్ళీ ఎక్కించింది.

"పెద్దమ్మా, బరువు మంచిగున్నది ఇయ్యాల. దారిల నీళ్ళు తాగలేదా?"

"దాహం వెయ్యలేదమ్మా" అంది అక్క.

మా అక్క నోట ఆ మాట విని ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. వరండాలోకి వెళ్ళి, ఎవరు చూస్తే నాకేంటని, కరువుతీరా ఏడ్చాను.